పండగ బంతికి ఏ విస్తరి వేయాలి? అడ్డాకు నుంచి చెరకు పిప్పి దాకా ఒక పరిశీలన

సంక్రాంతికి పాతికమంది చుట్టాలు వస్తున్నారంటే వంటల జాబితా వారం ముందే తయారవుతుంది. విస్తళ్ళ సంగతి మాత్రం భోగి నాటి సాయంత్రం గుర్తొస్తుంది. అప్పుడు వీధి చివరి కొట్టుకు ఎవరో ఒకరు పరుగెత్తి, ఉన్నవాటిలో ఒక కట్ట తెస్తారు. ఎక్కువసార్లు అది వెండిరంగు పూత ఉన్న కాగితం పళ్ళెం అయ్యుంటుంది. అరగంట భోజనానికి పనికొచ్చిన ఆ పళ్ళెం, ఆ తర్వాత ఏళ్ళ తరబడి చెత్తకుప్పలోనే ఉంటుంది.

ఇంట్లో జరిగే పండగ భోజనానికి బజార్లో దొరికే రకాలన్నిటినీ ఇక్కడ ఒక్కొక్కటిగా చూద్దాం. భోజనం మన మామూలు పండగ భోజనమే: పులిహోర, నెయ్యి వేసిన బొబ్బట్టు, ముద్దపప్పు, వంకాయ కూర, గోంగూర పచ్చడి, గుమ్మడికాయ పులుసు, చారు, పెరుగు, పరమాన్నం. పళ్ళేనికి ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఉండదు. వేడి అన్నం, నెయ్యి జిడ్డు, చింతపండు పులుపు, నీళ్ళలా పారే చారు, పైగా చేత్తో గట్టిగా కలపడం, అన్నిటినీ ఒకే పళ్ళెం తట్టుకోవాలి. ఆకు మడిచాక అది ఎక్కడికి పోతుందన్నది రెండో పరీక్ష. ఇక్కడి మార్కుల్లో సగానికి పైగా ఆ రెండో పరీక్షకే ఇచ్చాం.

విస్తళ్ళ కన్నా ముందు ఒక మాట. ఇంట్లో, పక్కింట్లో కలిపి పాతిక స్టీలు కంచాలు పోగవుతాయంటే ఇక ఏమీ కొనక్కర్లేదు. టెంటు సామాను అద్దెకిచ్చే వాళ్ళ దగ్గర కూడా కంచాలు, గ్లాసులు లెక్క మీద దొరుకుతాయి. స్టీలు కంచానికి అడ్డం వచ్చేవి రెండే: నీళ్ళు, తోమే చేతులు. పంపు తిప్పి వదిలేసి పాతిక కంచాలు కడిగితే రెండొందల లీటర్లు అలవోకగా పోతాయి, ఎందుకంటే మామూలు వంటింటి పంపు నిమిషానికి ఆరు నుంచి పది లీటర్లు పోస్తుంది. అదే మూడు టబ్బులు పెట్టి, ఒక్కోదాంట్లో 15 లీటర్లు పోసి, మొదటి దాంట్లో జిడ్డు వదిలించి, బయట సబ్బు రుద్ది, రెండో దాంట్లో, మూడో దాంట్లో ముంచి తీస్తే 45 లీటర్లతో పని అయిపోతుంది. మొదటి టబ్బు నీళ్ళలో సబ్బు ఉండదు కాబట్టి మొక్కలకు పోయొచ్చు, ఉప్పూ కారం మరీ ఎక్కువగా లేకపోతే. తోమే చేతుల విషయం ఇంకా ముఖ్యం. పండగ రోజు పనావిడకు సెలవిస్తారు, ఇచ్చి తీరాలి. అప్పుడు కడబంతిలో తిన్న ఆడవాళ్ళే సింకు ముందు నిలబడతారు. జనం వాడి పారేసే పళ్ళేల వైపు మొగ్గేది చాలావరకు ఇందుకే, అందులో న్యాయం ఉంది. తిన్న ప్రతి మనిషీ తన కంచంలోది గీకి, మొదటి టబ్బులో తానే ముంచి పెట్టాలని ముందే చెప్పండి. తోమడంలో సగం పని అక్కడే తీరిపోతుంది. అలా చెప్పగలిగిన ఇంటికి స్టీలు కంచమే మొదటి ఎంపిక. చెప్పలేని ఇంటికి, మనుషులు ఎక్కువైన ఇంటికి ఆకు.

ఆకుల్లో మా మొదటి స్థానం అడ్డాకు విస్తరిది.

అడ్డ అనేది తూర్పు కనుమల అడవుల్లో పెద్ద చెట్ల మీదికి పాకే తీగ. ఆకు రెండు రెక్కలుగా చీలి ఒంటె డెక్క ఆకారంలో ఉంటుంది, అరచేయి కన్నా పెద్దది, తోలులా దిట్టమైనది. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు గిరిజన కుటుంబాలు కోసి, ఎండబెట్టి, వెదురు పుల్లలతోనో చీపురు పుల్లలతోనో కుడతారు. తూర్పు కనుమల్లో అడ్డతీగల అనే ఊరే ఉంది. సరిహద్దు దాటి ఒడిశాలోకి వెళ్తే ఇదే సియాలి ఆకు. ఆకు మాత్రమే గిల్లితే తీగ మళ్ళీ చిగురిస్తుంది. తీగను మొదట్లో నరికితే ఆ ఆదాయం అక్కడితో పోతుంది. అందుకే కొనేటప్పుడు బేరం మరీ లాగొద్దు. ఒక్కో విస్తరిలో ఆరు నుంచి ఎనిమిది ఆకులు, వాటిని కలిపే డజను పుల్లలు, అంతా చేతి పని.

కొనేటప్పుడు ఏం చూడాలి? కట్ట పైన ఉన్న విస్తరి ఎప్పుడూ బాగానే ఉంటుంది, మధ్యలోంచి ఒకటి లాగి చూడండి. వెలుతురుకు ఎత్తి పడితే ఆకుల అతుకుల దగ్గర కాంతి చుక్కలుగా కనిపించకూడదు. ఒక ఆకు పక్క ఆకు మీదికి కనీసం అంగుళంన్నర ఎక్కి ఉండాలి, చారు కారేదీ ఆగేదీ అక్కడే. అంచు పట్టుకుని మెల్లగా లాగితే పుల్ల జారకూడదు. తెల్లటి పొడిలా, పచ్చటి బూజులా మచ్చలున్నా, ముక్కిన వాసన వస్తున్నా ఆ కట్ట వద్దు. వానాకాలంలో సరిగా ఎండకుండా కట్టిన సరుకు ఇలా పాడవుతుంది. వ్యాసం 14 అంగుళాలుంటే పండగ భోజనానికి సరిపోతుంది. 12 అంగుళాల విస్తరి టిఫినుకు చాలు గానీ, పులిహోర పక్కన అన్నం కలిపే చోటు మిగలదు.

ఎండిన విస్తరిని నేరుగా వేస్తే మధ్యలో పటుక్కున విరుగుతుంది. చాలామంది 'అడ్డాకులు బాగోవు' అని చెప్పేది దీని వల్లే. వడ్డనకు అరగంట ముందు ఒక్కో విస్తరిని రెండు వైపులా తడిగుడ్డతో తుడిచి, పైన నాలుగు చుక్కలు చల్లి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన పీట బోర్లించాలి. ఇరవై నిమిషాల్లో ఆకు మెత్తబడి నేలకు అంటుకుని కూర్చుంటుంది. ముందు రోజు రాత్రే తడిపి పెడితే మాత్రం తెల్లారేసరికి బూజు వాసన మొదలవుతుంది.

వేడి అన్నం వేస్తే అడ్డాకు నుంచి సన్నటి పచ్చి వాసన లేస్తుంది, ముద్దపప్పుకు అది చక్కగా నప్పుతుంది. నెయ్యి జిడ్డు దీన్నేమీ చెయ్యలేదు. చారు దగ్గరే జాగ్రత్త. అన్నం మధ్యలో గుంట చేసి పోయాలని మన పెద్దలు అలవాటు చేసింది ఇందుకే. పల్చటి చారు నేరుగా ఆకు మీద పోస్తే అయిదారు నిమిషాల్లో అతుకులోంచి కిందికి దిగుతుంది. తాగేవాళ్ళకు చారును దొన్నెలో ఇవ్వండి. ఇంకో పరిమితి, ఇది కూర్చుని తినే విస్తరి. చేత్తో పట్టుకుని నిలబడి తినాలంటే వంగిపోతుంది. నిలబడి తినే ఏర్పాటైతే స్టీలు కంచంలో గుండ్రంగా కోసిన అరిటాకు పరిస్తే సరి. కంచానికి జిడ్డు అంటదు, కడగడం తేలిక.

మోదుగాకు విస్తళ్ళు తెలంగాణ పల్లెల్లో ఇంకా కనిపిస్తాయి. ఆకు చిన్నది కాబట్టి అతుకులు ఎక్కువ, అందుకని పండగ భోజనానికి చారు దగ్గర ఓడిపోతుంది. ప్రసాదానికి, ఉదయం ఉప్మాకు చాలా బాగుంటుంది. మోదుగ దొన్నెలు అయితే అడ్డాకు దొన్నెలకు ఏమాత్రం తీసిపోవు.

ఇప్పుడు అసలు మోసం దగ్గరికి వద్దాం. 'ఆకు ప్లేట్లు' అని పెద్ద కొట్లలో అమ్మే, అంచులు లేచిన, యంత్రంలో వేడిగా నొక్కిన పళ్ళేలు చూసే ఉంటారు. పైన ఆకు, కింద అట్ట. కొన్నిటిలో ఆ రెంటి మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, కొన్నిటిలో కింద అట్ట మీదే పొర అంటించి ఉంటుంది. చారు కారకుండా ఉండేది ఆ పొర వల్లే, ఆకు గొప్పతనం కాదు. ఇలాంటి పళ్ళెం మట్టిలో వేస్తే ఆకు, అట్ట పోయి నలిగిన కవరు ముక్కలు మిగులుతాయి. పొలంలోకి వెళ్తే అవి ఇక ఏరడం కుదరదు. ఇంట్లోనే తేల్చుకోవచ్చు: ఒక పళ్ళెం అంచు చింపండి, చిరిగిన చోట సాగే పొర కనిపిస్తే సంగతి తెలిసిపోయినట్టే. తేలకపోతే వేడినీళ్ళలో అరగంట నానబెట్టి వేళ్ళతో పొరలు విడదీయండి. అట్ట మెత్తగా ముద్దవుతుంది, పారదర్శకంగా ఒక రేకు చేతిలో మిగిలితే అది ప్లాస్టిక్. కాల్చి చూడమని కొందరు చెబుతారు, అక్కర్లేదు, ఆ పొగ పీల్చడం మంచిది కాదు. ఆకును ఆకుతోనే నొక్కినవి, పిండితో చేసిన జిగురు వాడినవి కూడా తయారవుతున్నాయి. అవి ఈ పరీక్షలో నెగ్గుతాయి, వాటిని నిక్షేపంగా కొనండి. పుల్లల బదులు స్టేప్లర్ పిన్నులతో కుట్టిన విస్తళ్ళు కూడా వస్తున్నాయి. అవి ఎంత చవకైనా వద్దు. పిల్లల ముద్దలో ఒక పిన్ను వచ్చినా ప్రమాదమే, తర్వాత ఆ ఆకు ఆవు తిన్నా ప్రమాదమే.

అరిటాకు గురించి కొత్తగా పొగడాల్సింది లేదు. అతుకు లేదు, పుల్ల లేదు, కడిగితే చాలు. గోదావరి జిల్లాల్లో పెరట్లోంచే వస్తుంది, రావులపాలెం చుట్టుపక్కల ఉన్నవాళ్ళకు ఇది అసలు చర్చే కాదు. హైదరాబాదులో పండగ ముందు రోజు వెతికేవాళ్ళకే ఇబ్బంది. ఆ వేళకు మంచి ఆకులు అయిపోయి, గాలికి చీలికలైన ఆకులు మిగులుతాయి. రెండు రోజుల ముందే పూర్తి ఆకులుగా కొని ఇంట్లో కోసుకోవడం మేలు. అయిదారు అడుగుల ఆకులో కొస ముక్క ఒకటి, మధ్యలో ఈనెకు అటూ ఇటూ కలిపి రెండో మూడో ముక్కలు వస్తాయి. పాతికమందికి తొమ్మిది ఆకులు తెస్తే చీలినవి పోను సరిపోతాయి. కోసిన ముక్కలను తడిపి పిండిన నూలు గుడ్డలో చుట్ట చుట్టి నీడన నిలబెడితే రెండు రోజులు పచ్చగా ఉంటాయి. మడిచి ఫ్రిజ్‌లో పెడితే మడత దగ్గర నల్లబడి అక్కడే చిరుగుతుంది.

ఆకు వేసే ముందు స్టవ్ మంట మీద అడుగు ఎత్తులో ఒకసారి అటూ ఇటూ కదపండి. పైన ఉన్న మైనం కరిగి ఆకు నిగనిగలాడుతుంది, మెత్తబడుతుంది, ఆపైన వేడి అన్నానికి చీలదు. వెనకవైపు ఈనె ఉబ్బుగా ఉంటే కత్తితో పల్చగా చెక్కండి, లేకపోతే ఆకు ఒక పక్కకు ఒరిగి పులుసు అటే పారుతుంది. బల్ల మీద వేసేటప్పుడు కింద నాలుగు నీటి చుక్కలు చల్లితే జారదు. కొస ఎడమ చేతి వైపు రావాలన్నది తెలిసిందే. వెడల్పాటి భాగం కుడిచేతి వైపు ఉంటే అన్నం కలుపుకోవడానికి చోటుంటుంది. నేల మీద వేసిన అరిటాకుకు అంచు లేదు కాబట్టి చారు విషయంలో అడ్డాకు సలహానే దీనికీ వర్తిస్తుంది.

అరిటాకుకు రెండో స్థానమే ఎందుకు ఇచ్చామంటే, దొరికే చోట అది మొదటిదే, దొరకని చోట కాదు. వందల కిలోమీటర్ల నుంచి లారీలో వచ్చి, సగం చిరిగి, సగం వాడిపోయే సరుకు కన్నా ఎండబెట్టి నెలలు దాచుకోగల అడ్డాకు తక్కువ వృథా చేస్తుంది. పెరట్లో అరటి ఉన్నవాళ్ళు ఈ రెండు స్థానాలనూ తారుమారు చేసుకోవచ్చు.

వక్కమట్ట పళ్ళేలు మూడోవి. పోకచెట్టు నుంచి తనంతట తాను రాలిన మట్ట కాడ భాగాన్ని నీళ్ళలో నానబెట్టి, కడిగి, వేడి అచ్చులో నొక్కి చేస్తారు. కర్ణాటకలో పోకతోటలు ఎక్కువ కాబట్టి మనకు వచ్చే సరుకులో చాలా భాగం అటునుంచే. చూడ్డానికి ఎంతో అందంగా ఉంటాయి. నిలబడి తినడానికి ఆకుజాతిలో ఇదొక్కటే అసలైన పళ్ళెం, చారు గంటసేపు పోసి ఉంచినా కారదు. పూత లేదు, జిగురు లేదు. ధర మాత్రం అన్నిటికన్నా ఎక్కువ. అంచులు కొన్నిటికి కత్తిలా ఉంటాయి, పిల్లలకు వేసే ముందు వేలితో తడిమి చూడాలి. తడి తగిలితే బూజు చాలా త్వరగా పడుతుంది. పాకెట్టు విప్పాక మిగిలినవాటిని ఒక పూట ఎండలో పెట్టి, కాగితంలో చుట్టి దాచాలి.

వీటి విషయంలో 2025లో ఒక కొత్త సంగతి బయటికొచ్చింది. పోకచెట్టులో సహజంగా ఉండే ఆల్కలాయిడ్లు (శరీరానికి హాని చేయగల రసాయనాలు) ఈ పళ్ళేల నుంచి ఆహారంలోకి దిగే అవకాశం ఉందనీ, ఆహారానికి తగిలేలా వాడేందుకు వీటికి అనుమతి లేదనీ అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది. వక్కలో ఉండే అరెకోలిన్ ఆ కోవలోదే. అక్కడి తెలుగు ఇళ్ళల్లో దీపావళికి, సంక్రాంతికి ఈ పళ్ళేలు వాడేవాళ్ళు ఇక వీటిని పక్కన పెట్టడం మంచిది. ఆసియా సరుకుల దుకాణాల్లో గడ్డకట్టించిన అరిటాకు దొరుకుతుంది. ముందు రాత్రి ఫ్రిజ్‌ కింది అరలోకి మార్చి, మెల్లగా కరగనిచ్చి, కడిగి, మంట మీద తిప్పితే బాగానే వస్తుంది. మన దగ్గరైనా వేడివేడి పులుసు, చారు వక్కమట్ట పళ్ళేల్లో పోసి చాలాసేపు ఉంచొద్దనే చెబుతాం. పొడి పలహారాలకు వాడుకోండి.

చెరకు పిప్పి పళ్ళేలు తెల్లగా, అట్టలా, గదులుగా ఉంటాయి. చక్కెర మిల్లులో రసం తీశాక మిగిలే పిప్పిని గుజ్జు చేసి అచ్చు పోస్తారు. కూర, పచ్చడి, పులిహోర కలవకుండా విడిగా ఉండటం పిల్లలకు నచ్చుతుంది. వేడికి తట్టుకుంటాయి. అరగంట దాటాక చారు, పెరుగు ఉన్న గది అడుగున చెమ్మ వేస్తుంది, చేత్తో ఎత్తితే వంగుతుంది. నూనె పీల్చకుండా కొన్నిటికి పీఎఫ్ఏఎస్ జాతి రసాయనాలు కలుపుతారు. అవి నేలలో, నీళ్ళలో అంత సులభంగా విరగవు, కంపోస్టులో వేస్తే మొక్కల మడిలోకి చేరతాయి. పాకెట్టు మీద ఆ రసాయనాలు లేవని స్పష్టంగా రాసి ఉన్నది మాత్రమే కొనండి. ఒక చుక్క నూనె వేసి చూస్తే కొంత అంచనా దొరుకుతుంది. చుక్క ముత్యంలా గుండ్రంగా నిలబడితే అనుమానించాలి, మెల్లగా పరుచుకుని ఇంకితే కాస్త నయం. ఇది సూచన మాత్రమే, రుజువు కాదు. పైన పారదర్శకమైన మూత, లోపల మెరిసే పొర ఉన్నవి వద్దు.

'కంపోస్టబుల్' అని రాసిన కవర్లు, గ్లాసులు వేరే కథ. మొక్కజొన్న పిండి నుంచి చేసే పీఎల్ఏ ప్లాస్టిక్ కుళ్ళాలంటే 60 డిగ్రీల దాకా వేడెక్కే పెద్ద కంపోస్టు కేంద్రం కావాలి. మన డాబా మీది కుండీలో అది అలాగే పడి ఉంటుంది. మన దేశంలో ఇలాంటివాటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉండాలి, ఆ సంఖ్య సంచి మీద ముద్రించి ఉంటుంది. అది లేకుండా ఆకుపచ్చ రంగు, ఆకు బొమ్మ మాత్రమే ఉంటే నమ్మొద్దు. ధ్రువపత్రం ఉన్నా ఇంటి భోజనానికి దీని అవసరం కనిపించదు.

ఇక కాగితం పళ్ళేలు, థర్మాకోల్ పళ్ళేలు. ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, ఫోర్కులు, స్ట్రాలు మన దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధం. కాగితం పళ్ళెం మీది వెండి పూత కూడా ప్లాస్టిక్ పొరే, కాబట్టి చిత్తు కాగితాలవాళ్ళు కూడా తీసుకోరు. పండగ భోజనానికి సున్నా మార్కులు.

కాగితం గ్లాసుల లోపల కూడా అదే పొర ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు వేడి ద్రవాన్ని కాగితం కప్పులో 15 నిమిషాలు ఉంచి చూస్తే, 100 మిల్లీలీటర్లలోకి సుమారు 25,000 ప్లాస్టిక్ సూక్ష్మరేణువులు దిగాయి. భోజనాల తర్వాత కాఫీ, టీ వేడివేడిగా పోసేది ఆ కప్పుల్లోనే. స్టీలు గ్లాసులు పాతిక పెట్టుకోవడం పళ్ళేల కన్నా ఎంతో తేలిక. ఒక్కోదానికి రంగు దారం కట్టి మనిషికొక గ్లాసు అని చెబితే మధ్యాహ్నమంతా అదే వాడతారు. లేకపోతే మంచినీళ్ళు అడిగిన ప్రతిసారీ కొత్త గ్లాసు తీస్తారు. నీటి పాకెట్లు, చిన్న సీసాలు తేవద్దు. 20 లీటర్ల డబ్బా ఒకటిన్నర సరిపోతుంది, ఖాళీ డబ్బా తిరిగి వెళ్తుంది. పరమాన్నానికి అడ్డాకు దొన్నెలు మనిషికి రెండు చొప్పున లెక్కేసి, కారేవి పోను 60 తెండి. దొన్నెలో పోసే పరమాన్నం గోరువెచ్చగా ఉండాలి, మరిగేది పోస్తే అడుగు కుట్టు విడిపోతుంది.

విస్తరి ఎంత మంచిదైనా దాని మీద సగం భోజనం వదిలేసి మడిస్తే ఫలితం సగమే. చెత్తకుప్ప లోపల గాలి ఆడని చోట కుళ్ళే అన్నం నుంచి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది. పళ్ళెం ఎంపిక కన్నా ఇది పెద్ద సంగతి. పాతికమందికి, అందులో అయిదారుగురు పిల్లలుంటే, ఈ కొలతలు చాలు: పులిహోరకు కిలో బియ్యం, తెల్లన్నానికి రెండు కిలోలు, ముద్దపప్పుకు 700 గ్రాముల కందిపప్పు, నెయ్యి అరకిలో, పెరుగు నాలుగు లీటర్లు. బొబ్బట్లకు కిలో శనగపప్పు, కిలో బెల్లం వేస్తే నలభైకి పైగా వస్తాయి. అన్నం మొత్తం ఒకేసారి వండొద్దు. కిలోన్నరతో మొదలుపెట్టి, రెండో బంతి కూర్చునేటప్పుడు మిగతా అరకిలో పొయ్యెక్కించండి. అక్కర్లేకపోతే బియ్యం డబ్బాలోనే ఉంటుంది.

ఎక్కువగా ఆకులో మిగిలేవి ఏవో గమనిస్తే వడ్డన మార్చుకోవచ్చు. పచ్చడి, పులిహోర, రెండో బొబ్బట్టు, చివరి పెరుగన్నం. బొబ్బట్టు మొదట ఒకటే వేసి, అడిగినవాళ్ళకు మళ్ళీ తేవాలి. పచ్చడి చెంచాతో, పులిహోర చిన్న గరిటెతో. మొహమాటపెట్టి 'ఇంకొంచెం, ఇంకొంచెం' అని ఆకులో పడేయడం మర్యాద అనుకునే పెద్దలుంటారు. వడ్డన పనికి కొద్దికొద్దిగా వేసే మనిషిని నియమించండి. రెండుసార్లు తిరిగి వడ్డించినా ఫర్వాలేదు.

ఆకులు ఎత్తే దగ్గర పని సగం చెడుతుంది. అందరూ ఆకును తిన్నది తిన్నట్టే మడిచి ఒకే సంచిలో వేస్తారు, ఆ సంచి ప్లాస్టిక్‌ది, ఇక అంతా వ్యర్థమే. దాని బదులు రెండు పాత్రలు పెట్టండి. ఒకదాంట్లో మిగిలిన పదార్థం గీకి వేయాలి, రెండోదాంట్లో ఖాళీ ఆకు. కరివేపాకు, మిరపకాయ, చింతపండు పిప్పి, కూర తొక్కలు అన్నీ మొదటి దాంట్లోకే. కనుమ నాడు కోడికూర ఉంటే ఎముకలు వేరుగా తీసి మున్సిపాలిటీ తడిచెత్తలో వేయండి. ఇంటి కంపోస్టులో ఎముకలు ఎలుకల్ని, కుక్కల్ని పిలుస్తాయి.

ఆవులకు పెట్టే అలవాటు మంచిదే, కానీ రెండు జాగ్రత్తలు. కుట్టిన విస్తరిని పుల్లలతో సహా వేయకూడదు. పుల్ల నోట్లో, గొంతులో గుచ్చుకుంటుంది, పిన్నయితే కడుపులోకి పోయి ప్రాణం మీదికే వస్తుంది. పాతిక ఆకుల అన్నం, బొబ్బట్లు, పరమాన్నం ఒకే ఆవు ముందు కుమ్మరించినా ప్రమాదమే. పిండి పదార్థం ఒక్కసారిగా ఎక్కువైతే దాని పొట్టలో ఆమ్లం పెరిగి, ఉబ్బరం పట్టి పడిపోతుంది. కాసిని అరిటాకులు, కూరగాయల తొక్కలు వేయండి, అన్నం కొద్దిగా.

మిగతాదంతా కంపోస్టు పీపాలోకి. 100 లీటర్ల పాత ప్లాస్టిక్ పీపాకు పక్కల చుట్టూ, అడుగున వేలెడంత రంధ్రాలు పెట్టి, ఇటుకల మీద నిలబెట్టండి. అడుగున జానెడు ఎత్తు ఎండుటాకులు, కొబ్బరిపీచు. ఆపైన చించిన ఆకులు, వాటిపై మిగిలిన పదార్థం పల్చగా, మళ్ళీ ఎండుటాకులు. తడి ఒక వంతైతే పొడి రెండు వంతులు ఉండాలి. ప్రతి పొరమీద పుల్లటి మజ్జిగో, పేడ నీళ్ళో చిలకరించాలి, కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు వాటితో త్వరగా పెరుగుతాయి. అడ్డాకు పుల్లల్ని లాగేయడానికి ఓపిక ఉంటే లాగేయండి, లేకపోతే అలాగే వేసి చివర్లో జల్లించండి. వక్కమట్ట పళ్ళేన్ని ముక్కలుగా విరవకుండా వేయొద్దు, నీళ్ళు పట్టుకుని కప్పులా నిలబడి కింద వాసన పుట్టిస్తుంది.

వాసన వస్తే కారణం దాదాపు ఎప్పుడూ తడి ఎక్కువ కావడమే. పొడి ఆకులు ఇంకా వేసి కలియబెట్టండి. వారమైనా వేడెక్కకపోతే తడి తక్కువైనట్టు, మజ్జిగ నీళ్ళు చల్లండి. పిడికిట పట్టి పిండితే ఒకట్రెండు చుక్కలు రావాలి, అంతకు మించి కాదు. పచ్చడి, ఊరగాయ నూనె ఎక్కువగా పడితే పని నెమ్మదిస్తుంది, ఉప్పు మొక్కలకు మంచిది కాదు కాబట్టి అవి గీకినప్పుడే పక్కన పెట్టడం మేలు. వారానికి ఒకసారి కర్రతో తిరగేయాలి.

సంక్రాంతి నాడు నింపిన పీపాను ఉగాదికి తెరిస్తే అరిటాకు ఆనవాలు కూడా ఉండదు, దాని నడి ఈనె మాత్రం నారలుగా కనిపిస్తుంది. అడ్డాకు నల్లగా, పెళుసుగా, చేత్తో నలిపితే పొడయ్యే దశలో ఉంటుంది. దానికి ఇంకో నెల కావాలి. జల్లెడ పట్టి, మిగిలిన పుల్లలు, ఈనెలు, కరగని అడ్డాకు ముక్కలు మళ్ళీ పీపా అడుగున వేయండి, అవే తర్వాతి విడతకు తోడు. జల్లించిన మట్టి చేతికి చల్లగా, వాన పడ్డ నేల వాసనతో ఉంటే సిద్ధమైనట్టే. కుండీ మట్టిలో మూడో వంతు కలిపి గోంగూర విత్తనాలు చల్లండి.